రెండు కుక్కలు, గడియ లేని తలుపు

"కోతికి తోక ఊపే కుక్క ఇంటికి యాందానికి? చెప్పు," అన్నాడు నా కొడుకు.

"మనుసుల్ని పీకే కుక్క మాత్రం యాందానికి?" అంది కోడలు. "చీరలు చూసేదానికి ఆడోళ్ళు మనింటికొస్తారా, సూదులేపిచ్చుకునేదానికి ఆసుపత్రికి పోతారా?"

"అది ఇంకా ఎవుర్నీ పీకల్యా గదా."

"వచ్చి ఒక పూట కాల్యా. అంతలోనే పాలాయప్ప క్యాను గేటు కాడ పడేసి పరిగెత్తినాడు. రేపట్నుంచి పాలు నువ్వు తెస్తావా?"

"ఆయప్ప పాలల్లో నీళ్ళు కలుపుతాడని కుక్కకు గూడ తెలిసిపోయినట్లుండాది."

"నవ్వులాటగుండాదా నీకు? ఆ పక్క చూడు, బిడ్డ ఎట్ల మొగం పెట్టుకోనుండాదో."

బిడ్డ అంటే నా మనవరాలు. ఎనిమిదో తరగతి. గచ్చు మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. దాని ఒడిలో తల పెట్టుకొని పసుపుపచ్చ లాబ్రడార్ నిద్రపోతోంది. ఇంట్లో తన గురించి ఇంత గొడవ జరుగుతుంటే గురక పెట్టి నిద్రపోయిన జీవిని నేను నా భర్త తర్వాత దాన్నే చూశాను. వసారాలో స్తంభానికి కట్టేసి రెండోది ఉంది. తెల్లది, సన్నది, పొడుగు కాళ్ళది. రాజపాళెం జాతి వేటకుక్క. ఆ మధ్యాహ్నమే పులివెందుల నుంచి కొడుకు తెచ్చాడు. అది పడుకోలేదు. గొడవను పట్టించుకోలేదు. వీధి వైపు చూస్తూ నిలబడి ఉంది.

ఒక ఇంటికి ఒక కుక్క చాలునని నేను మొదట్లోనే చెప్పాను. రెండింటికి పెట్టడానికి మాది సత్రం కాదు. కాబట్టి ఆ సాయంత్రం ఏదో ఒకటి ఉండాలి, ఏదో ఒకటి పోవాలి. వాళ్ళిద్దరూ అరిచి అరిచి అలిసిపోయి నా వైపు తిరిగారు.

"నువ్వన్నా చెప్పత్తా."

"నువ్వే చెప్పుమా. నువ్వు రెండింటినీ చూసినావు గదా."

"సంగటి చల్లారిపోతాది. ముందు తినండి," అన్నాను.

నేను చెప్పాల్సిన మాట నాకు తెలుసు. అయితే అది కుక్క గురించి కాదు. మా పెరటి తలుపు గురించి.

మా ఇల్లు జమ్మలమడుగులో. పెరటి గోడకు అవతల ఒక ముస్లింల ఇల్లు. ఆ ఇంటామె, నేను కొంచెం ముందూ వెనకగా ఈ వీధికి కాపురానికి వచ్చాము. అప్పట్లో మా ఇంట్లో నీళ్ళు లేవు. వాళ్ళ పెరట్లో చేదబావి ఉండేది. నేను వీధి చుట్టి తిరిగి బిందెలు మోయడం చూడలేక వాళ్ళ అత్త ఒకరోజు గోడలో మనిషి పట్టేంత సందు కొట్టించింది. మా మామను అడగలేదు. ఆయన కూడా ఏమీ అనలేదు. నీళ్ళు ఆయనకూ కావాలి. చాలా ఏళ్ళు ఆ సందుకు గోనెపట్టానే తలుపు.

తర్వాత గండికోట జలాశయం నిండి, కొండాపురం పక్కనున్న మా పుట్టింటి ఊరు నీళ్ళకింద పోయే రోజులు వచ్చాయి. ఊరు వదిలేటప్పుడు జనం దూలాలు, కిటికీలు, వాకిళ్ళు అన్నీ విప్పి ట్రాక్టర్లలో వేసుకున్నారు. మా నాయన ఇంటి తలుపు రెండు రెక్కలది. ఒక రెక్క మా తమ్ముడు పునరావాస కాలనీలో కట్టుకున్న ఇంటికి తీసుకుపోయాడు. ఇంకొకటి నేను తెచ్చుకొని ఆ సందుకు పెట్టించాను. గడియ వాడి రెక్కతో పోయింది. నా రెక్కకు గడియ లేదు. కొత్తది కొనే అవసరం కనపడలేదు, కొనలేదు. చెక్క బరువుకు తలుపు పూర్తిగా మూసుకోదు. జానెడు తెరుచుకొని నిలబడుతుంది. ఆ జానెడులోంచి ఆమెకు మా పొయ్యి కనిపిస్తుంది, నాకు ఆమె మంచం కనిపిస్తుంది.

బావి ఎండిపోయింది, పూడ్చేశారు. కొళాయి మా పెరట్లోకి వచ్చింది. ఇప్పుడు బిందె తీసుకొని ఆమే ఇటు వస్తుంది. కోడలు ఇంట్లో చీరల వ్యాపారం చేస్తుంది. ప్రొద్దుటూరు నుంచి తెస్తుంది. ఆ చీరల కొంగులకు కుచ్చులు కట్టేది ఈమే. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు తోసుకొని వచ్చి, కొళాయి పక్కన బట్టలుతికే బండ మీద కూర్చొని కుచ్చులు ముడి వేస్తుంది. నేను ఎదురుగా కూర్చొని బియ్యమో కందిపప్పో ఏరుతాను. మేము పెద్దగా మాట్లాడుకోము. మాట్లాడుకోవాల్సినవన్నీ ఎప్పుడో అయిపోయాయి. నాకు వేరే ఇళ్ళకు పోయి కూర్చునే అలవాటు లేదు. టీవీ చూస్తే కళ్ళు నీళ్ళు కారతాయి. కొడుకు సిమెంటు ఫ్యాక్టరీకి, కోడలు బేరాలకు, పిల్ల బడికి పోతే, ఆ ఇంట్లో నాకు మనిషి అంటే ఆమె. ఏ కుక్క వచ్చినా సరే, ఆమె రావడం ఆగకూడదు. నాకు కావలసింది అంతే. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

కుక్క అవసరం కోతుల వల్ల వచ్చింది. మా వీధి కోతులు గండికోట కొండల నుంచి దిగి వస్తాయని అందరూ అంటారు. నాకు నమ్మకం లేదు. ఇవి మా మిద్దెల మీదే పుట్టి, మా వడియాలు తిని పెరిగినవి. అంతకుముందు కొబ్బరి చిప్పలు, టమాటాలతో సరిపెట్టుకునేవి. ఈ ఎండాకాలం కోడలు ఆరేసిన కొత్త చీరను నీళ్ళ ట్యాంకు మీదికి లాక్కుపోయి నిలువునా చింపాయి. పక్కింటామె రొట్టెలు కాలుస్తుంటే ఒకటి జానెడు తలుపు సందులోంచి దూరి, పెనం మీది రొట్టె తీసుకొని, వేడికి చెయ్యి విదిలించుకుంటూ ఆమెనే కోప్పడి పోయింది. ఎవరో చెప్పారని కొడుకు పులి బొమ్మ తెచ్చి గోడ మీద పెట్టాడు. రెండు రోజులు కోతులు దూరంగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక తల్లికోతి ఆ పులిని ఆనుకొని కూర్చొని పిల్లకు పేలు చూస్తోంది.

"బొమ్మతో కాదు, పానముండేదే కావల్ల," అన్నాడు కొడుకు.

అలా రెండు కుక్కల కబురు వచ్చింది. లాబ్రడార్ కబురు కోడలు తెచ్చింది, వేటకుక్క కబురు కొడుకు తెచ్చాడు. ఎవరు తెచ్చిన సంబంధం వాళ్ళకు ముద్దు. ఒక ఆదివారం కారు మాట్లాడుకొని రెండింటినీ చూసి వద్దామని బయలుదేరారు. నన్ను కూడా ఎక్కించుకున్నారు. రెండు ఊళ్ళకు ఒకే బాడుగ కదా అని నేనూ ఎక్కాను.

మొదట ప్రొద్దుటూరు. బంగారు అంగడి వాళ్ళ ఇల్లు. కోడలికి ఎరిగిన వాళ్ళు. వాళ్ళు అపార్ట్‌మెంటులోకి మారుతున్నారు, అక్కడ కుక్కను ఉంచుకోవడానికి వీల్లేదంట. గేటు తీయగానే లాబ్రడార్ పరిగెత్తుకొచ్చి కొడుకు చెయ్యి నాకింది, కోడలి చెయ్యి నాకింది, కారు డ్రైవరు చెయ్యి నాకింది. నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను. అది నా చెప్పు నాకింది. లోకంలో తనకు పగవాళ్ళే లేరనుకునే ముఖం.

"మావోడు ఎవుర్నీ ఏమనడు పెద్దమ్మా," అంది ఆ ఇంటి ఇల్లాలు. "దొంగొచ్చినా షేకండిచ్చి లోపలికి పిలుస్తాడు."

"కోతులొస్తే?"

"మా వీదిలో కోతుల్లేవు పెద్దమ్మా."

"ఏం తింటాది?"

"ఏంది పెట్టినా తింటాడు. పెట్టకపోయినా తింటాడు."

ఆ రెండో మాటకు అర్థం నాకు తర్వాత మా ఇంట్లో తెలిసింది.

అక్కడి నుంచి పులివెందుల దాటి ఒక చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పోయాము. కొడుకుతో పనిచేసే ఒకాయనకు ఆ తోట వాళ్ళు బంధువులు. తోట అంటే పేరుకే. బోరు ఎండి సగం చెట్లు కొట్టేశారు. అడవిపందులు రాకుండా రెండు వేటకుక్కలను పెట్టుకున్నారు. ఇప్పుడు కాయలే లేనప్పుడు రెండు దేనికని ఒకటి ఇచ్చేస్తామన్నారు. కుక్క వేపచెట్టు నీడన పడుకొని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది, ఒకసారి అందరి ముఖాలూ చూసింది, తోటావిడ "ఊరుకో" అంటే తల పక్కకు తిప్పుకుంది. దగ్గరికి రాలేదు. తోక కదలలేదు. కోడలు చీనీ తొనలు తింటూ ఒకటి దాని ముందు వేసింది. అది వాసన కూడా చూడలేదు.

"ఇదేందబ్బా, అత్తగారి మాదిరుండాదే," అంది కోడలు, నాకు వినపడదనుకొని.

తోటావిడ నా పక్కన మంచం మీద కూర్చుంది. "ఇది నాకదు, మీద పడదు పెద్దమ్మా," అంది. "కుక్క కుక్కే, మనిసి మనిసే అన్నట్లుంటాది. ఒకటే మాట. మనోళ్ళెవురో మొదటి పొద్దే దానికి చూపియ్యల్ల. ఎవురి చేత్తో పెట్టిన సంగటి తింటాదో వాళ్ళు ఇంటోళ్ళు. తినల్యా అంటే వాళ్ళని గడప దాటనీదు."

"కరుస్తాదా?"

"కరవదంటే అబద్దమాడినట్లు."

తిరిగి వచ్చేటప్పుడు కారులో మొదటి గొడవ జరిగింది. కొడుకు వేటకుక్క అన్నాడు. కోడలు, పిల్ల లాబ్రడార్ అన్నారు. నన్ను అడిగితే నేనూ లాబ్రడారే అన్నాను. కోడలు ఆశ్చర్యపోయింది, మేమిద్దరం ఒక మాట మీద ఉండడం అరుదు. నా ఆలోచన ఒకటే. పక్కింటామె పెరట్లోకి వస్తుంది, పోతుంది. కరిచే కుక్క ఉంటే రాదు. కరవని కుక్క అయితే వస్తుంది. అంతకు మించి ఆలోచించలేదు.

కొన్నాళ్ళు ఉంచుకొని చూడండి, నచ్చకపోతే తెచ్చి ఇచ్చేయండి అన్నారు ప్రొద్దుటూరు వాళ్ళు. లాబ్రడార్ వచ్చింది. మనవరాలు దానికి పేరు పెడతానంది. ఉండేదో పోయేదో తెలియని దానికి పేరెందుకని నేను వద్దన్నాను. వచ్చిన రోజే అది చెంబులో నీళ్ళు తాగింది, చీపురు నమిలింది, నేను ఎండలో పెట్టిన చింతపండు కూడా తిని రాత్రంతా నీళ్ళు తాగింది. సంచుల్లో వచ్చే మేత కొడుకు తెస్తే, దాన్ని ముగించి, సంచి కూడా చింపి చూసింది.

కోతుల సంగతి మర్నాడు తేలింది. గోడ మీదికి మంద వచ్చింది. మనవరాలు "పట్టుకో, పట్టుకో" అని కుక్కను పెరట్లోకి తోలింది. కుక్క గోడ కింద కూర్చొని పైకి చూస్తూ తోక ఊపింది. పెద్ద కోతి ఒకటి దాన్ని కాసేపు చూసింది. తర్వాత మా జామచెట్టు కాయ కోసుకొని సగం కొరికి పారేసింది. కుక్క ఆ సగం తినింది. కోతి ఇంకొకటి కోసింది. ఆ రోజు నుంచి వాటికి పొత్తు కుదిరింది. కోతులు కోయడం, కుక్క కింద ఏరుకోవడం.

"జేజీ, ఇంగ ఇవి కొట్టుకోవు. ఫ్రెండ్సయిపోయినాయి," అంది మనవరాలు సంతోషంగా.

ఇంతవరకు నేను పెద్దగా పట్టించుకోలేదు. కోతులతో నేను ఇన్నేళ్ళు బతికాను. అసలు సంగతి మధ్యాహ్నం జరిగింది. పక్కింటామె వజూ చేసుకొని, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కొని, అజాన్ అయ్యేలోపల కుచ్చులు కట్టిన చీరలు ఇచ్చిపోదామని తలుపు తోసుకొని వచ్చింది. లాబ్రడార్ పరిగెత్తుకుపోయి ఆమె చేతులు నాకింది, కాళ్ళు నాకింది. నేను "ఛీ, ఛీ" అనేలోపల చీర మూట మీద కూడా మూతి పెట్టింది. ఆమె కదలకుండా నిలబడింది.

"పర్వాల్యా లే అక్కా. నోర్లేని జీవం," అంది. మూట బండ మీద పెట్టి వెళ్ళిపోయింది. గోడ అవతల నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజు ఆమె రాలేదు. చీరల బుట్ట గోడ మీద పెట్టి "అక్కా, బుట్ట తీసుకో" అని కేక వేసింది. గోడ ఆమెకంటే ఎత్తు. ఆమె చేతులు మాత్రం కనిపించాయి. బిందె కూడా తన కోడలి చేతికిచ్చి పంపింది, వీధి చుట్టి ముందు గేటు నుంచి. ఆ పిల్లను మా గేటు దగ్గర బిందెతో చూసినప్పుడు నాకు నా కాపురం తొలినాళ్ళు గుర్తుకొచ్చాయి.

కొడుకు కూడా చూశాడు. వాడు తెలివితక్కువ వాడు కాదు. కుక్క నోరు తగిలితే వాళ్ళు మళ్ళీ కడుక్కుంటే గాని నమాజు చేయరని వాడికి తెలుసు. ఫ్యాక్టరీలో వాడితో తినేవాళ్ళలో ముస్లింలు ఉన్నారు. ఆమె పెరట్లోకి, నమాజు చాప పరిచే చోటికి కుక్క పోకుండా చేయడం మర్యాద అనుకున్నాడు. నాతో ఒక్క మాట అనకుండా బజారు నుంచి ఇనుప గడియ తెచ్చి, ఫ్యాక్టరీ నుంచి డ్రిల్లింగ్ మిషను తెచ్చి, మా వైపు నుంచి ఆ తలుపుకు బిగించాడు. నేను గుడికి పోయి వచ్చేలోపల పని అయిపోయింది.

"ఇంగ కుక్క అటు పోదు మా. ఆయమ్మకు నెమ్మది," అన్నాడు.

ఆ మిషను చప్పుడు వీధి మొత్తానికి వినపడి ఉంటుంది. గోడ అవతల ఉన్న మనిషికి వినపడకుండా ఉంటుందా? నేను గడియ తీసి తలుపు తోశాను. అది జానెడు కూడా కదలలేదు. అటువైపు మంచం నిలబెట్టి అడ్డం పెట్టారు. ఆ సందు కొట్టించినప్పటి నుంచి మొదటిసారి వీధి చుట్టి తిరిగి, ముందు వాకిలి నుంచి వాళ్ళింటికి పోయాను.

ఆమె లోపల గదిలో కూర్చొని కుచ్చులు కడుతోంది. లేవలేదు.

"ఏంమే, మంచం అడ్డం పెట్టినావు?"

"మీరు గడియేసుకున్యారు గదా అక్కా. మాదీ ఒకటుండనీలే అని."

"అది కుక్క కోసరం."

"ఇన్నేండ్లు దొంగల కోసరం ఎయ్యని గడియ కుక్క కోసరం ఏసినారు. మంచిదే."

"మావోడు నీ కోసరమే ఏసినాడు. నీ చాప మీదికి వస్తాదని."

ఆమె దారం కొస నోట్లో పెట్టి తెంపింది. "నా కోసరం ఏసేటప్పుడు నన్ను ఒక మాట అడగల్ల గదక్కా. మా అత్త గోడ కొట్టేటప్పుడు మీ మామను అడగల్యా, నిజమే. కొట్టేదానికి అడగకపోయినా పర్వాల్యా. మూసేదానికి అడగల్ల."

ఉన్న మాటే.

"కరిచే కుక్కయితే నువ్వు రావని ఈ నాకేదాన్ని తెమ్మన్యాను," అన్నాను.

ఆమె అప్పుడు నవ్వింది. "కరిచేదాన్ని కట్టేస్తారక్కా. నాకేదాన్ని ఎవురు కట్టేస్తారు? దానికి నేనంటే ఇష్టం. ఇష్టమున్నదాన్ని ఛీ అనేదానికి నాకు నోరు రాదు. దినానికి ఎన్నిసార్లని కడుక్కునేది? మోకాళ్ళు పట్టుకున్యాయి."

టీ ఇచ్చింది, తాగాను. వీధి చుట్టి తిరిగి ఇంటికి వచ్చాను.

ఇవన్నీ జరిగిన తర్వాతే, కోతుల మీద కోపంతో, కొడుకు పులివెందుల పోయి వేటకుక్కను తెచ్చింది. వాడి లెక్క కోతులది. కోడలి లెక్క చీరల బేరానికి వచ్చే ఆడవాళ్ళది. పిల్లది ఒడిలో పడుకున్న తల లెక్క. ఎవరి లెక్కా తప్పు కాదు.

సంగటి తిన్నాక మళ్ళీ మొదలుపెట్టారు. చేతులు కడుక్కొని వచ్చి నేను అన్నాను:

"నాకేది పోవల్ల. కరిచేది ఉండల్ల."

కోడలు నన్ను చూసింది. "అదేందత్తా! మొన్న నువ్వే గదా లాబ్రడారే మేలంటివి?"

"అన్యాను. చూసినాక వద్దంటాండా."

"నాకాడికి వచ్చే ఆడోళ్ళను కరిస్తే?"

"వాళ్ళు ముందు గేటు నుంచి వస్తారు. ఇది పెరట్లో ఉంటాది. కోతులు వచ్చేది ఆడికే. నడుమ తలుపేసుకో."

కోడలు తెలివైనది. వెంటనే పట్టుకుంది. "సరే. పెరట్లో కట్టేస్తాము. మరి పక్కింటత్త పెరట్లోకే గదా వచ్చేది? దాని మూతి ముందరే బండ. దాని పక్కనే కొళాయి. ఆయమ్మనే పీకితే? అప్పుడు ఆ గడియ గాదు, గోడే కట్టుకోవల్ల."

కొడుకు నా వైపే ఉన్నందుకు నేను సంతోషించాలి, కానీ కోడలి మాటే సరైనది. లాబ్రడార్ ఉంటే ఆమె రాదు. వేటకుక్క ఉంటే ఆమె రావచ్చు, కాకపోతే ఒక్కసారి కరిచిందంటే ఆ తలుపు సంగతి అయిపోయినట్లే. తోటావిడ చెప్పిన సంగటి మాట అప్పుడు నేను వాళ్ళకు చెప్పాను.

"తినకుంటే?" అంది కోడలు.

"తినకుంటే అది గూడా పులివెందులకే పోతాది. కోతులకు జామకాయలు పెట్టుకుంటా ఉందాము."

"ఆయమ్మ ఒప్పుకుంటాదా కుక్కకు పెట్టేదానికి?"

"అది ఆమెను అడిగితే తెలుస్తాది. ఈసారి అడుగుదాము."

కొడుకును స్క్రూడ్రైవరు తీసుకురమ్మన్నాను. వాడు పెరటి లైటు వేసి, గడియ విప్పాడు. తలుపుకు బెజ్జాలు మిగిలాయి. మా నాయన ఇంట్లో అది ఉన్నన్నాళ్ళు దానికి ఒక్క మేకు దిగలేదు. వాడు గడియ నా చేతిలో పెట్టాడు. కొత్తది, వాపసు తీసుకోరు. ఇంకెక్కడికైనా పనికొస్తుందని అటక మీద పెట్టాను.

గోడ దగ్గర నిలబడి కేక వేశాను.

"ఏంమే, ఉండావా?"

"యాడికి పోతానక్కా? ఉండా."

"గడియ తీసేసినాము. నాకేదాన్ని పొద్దున పంపిస్తాండాము. ఇంకొకటొచ్చింది, ఇది నాకదు. కాకపోతే కరుస్తాది."

"మీకు నడుమ రకం దొరకలేదా అక్కా?"

"దొరకలేదు. పొద్దున నీ చేత్తో దానికి రోంత సంగటి పెట్టల్ల. తింటే నువ్వు దానికి ఇంటి మనిసివి. ముట్టుకునే పని లేదు, ఆకులో పెట్టి జరిపితే చాలు."

"తినకపోతే?" అంది ఆమె. అందరికీ అదే ప్రశ్న.

"తినకపోతే దాన్నీ పంపిస్తాను."

"ఊరికే నా కోసరం రెండు కుక్కల్ని పంపిస్తారా?"

"పంపిస్తాను."

"సంగటి మీరే కెలకండి," అంది ఆమె. "మా ఇంట్లో పిండి అయిపోయింది."

మర్నాడు పొద్దున నేను సంగటి కెలికాను. మామూలుగా ఇంట్లోకి కెలికినట్లే కెలికాను, ఉప్పు మాత్రం వేయలేదు. కొడుకు లాబ్రడార్‌ను కారు ఎక్కించాడు. మనవరాలు ఏడ్చింది. కుక్క కిటికీలోంచి తల బయట పెట్టి, మా అందరినీ, పాలాయననూ, గోడ మీది కోతులనూ చూస్తూ తోక ఊపుతూనే పోయింది. మనవరాలు ఆ రోజు నాతో మాట్లాడలేదు.

వేటకుక్కను పెరట్లో జామచెట్టుకు కట్టారు. ముందు నేను పెట్టాను, తినింది. కోడలు దూరం నుంచి ఆకు జరిపి పెట్టింది, తినింది. తలుపు అవతల మంచం జరిపిన చప్పుడైంది. పక్కింటామె తలుపు తోసుకొని గడపలో నిలబడింది. కుక్క లేచి నిలబడింది. గొంతులో చిన్నగా గురుమంది. నేను ఆమె చేతికి ఆకు ఇచ్చాను. ఆమె "బిస్మిల్లా" అనుకొని, సంగటి ముద్ద కుడిచేత్తో తుంచి ఆకులో పెట్టి, కాలితో కాకుండా చేత్తోనే కుక్క ముందుకు జరిపి, ఒక అడుగు వెనక్కి వేసింది.

కుక్క సంగటిని చూడలేదు. ఆమెను చూసింది. కోడలు వంటింటి కిటికీ నుంచి "అత్తా, వద్దంటే ఇప్పుడే చెప్పు, తాడు చాలా పొడుగుండాది," అంటూ ఉంది. కుక్క ముక్కు కిందికి దించింది. సగం ముద్ద తినింది. మిగతా సగం వదిలేసి, మాకిద్దరికీ వీపు పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.

"సగమే తినింది," అంది ఆమె.

"సగం చాలు," అన్నాను.

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. కుక్క చెవి కదిలింది, తల తిప్పలేదు. ఆమె బిందె కొళాయి కింద పెట్టి తిప్పింది. అది నిండేదాకా మేమిద్దరం కుక్కను చూస్తూ నిలబడ్డాము. ఎనిమిది గంటల వేళకు కోతులు మామూలుగా గోడ మీదికి వచ్చాయి. కుక్క లేచింది. మొరగలేదు, నిలబడి చూసింది అంతే. కోతులు కొంచెంసేపు కూర్చొని, ఎదురింటి మిద్దె మీదికి పోయాయి.

ఆమె బిందె చంకనెత్తుకొని పోతూ పోతూ తలుపు లాగింది. అది జానెడు తెరుచుకొని నిలబడింది. మిగిలిన సగం ముద్ద పారేయకుండా తీసి, మధ్యాహ్నం కుక్కకు పెట్టాను.